పాయింట్లెన్ని కొట్టినాడన్నది సరే, టీము ఏటైంది?

మ్యాచ్ అయిపోగానే మన కుర్రోళ్లు అడిగే మాట ఒకటే. "ఎవుడు ఎక్కువ కొట్టినాడ్రా?" గెలిచిందెవరో తర్వాత అడుగుతారు. స్టేటస్‌లో పెట్టేది కూడా వోడి ఫొటోయే. చోడవరం చుట్టుపక్కల పండగ కబడ్డీ అయినా, కాలేజీ గ్రౌండ్‌లో బాస్కెట్‌బాల్ అయినా ఇదే తంతు. ఇందులో నష్టం ఏటో చెప్పాలంటే ముందు ఒక కాలేజీ మ్యాచ్ స్కోరుకాగితం విప్పాలి. మన దగ్గరది కాదు, అమెరికాది.

2012 నవంబరు 20. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అని చిన్న కాలేజీ. ఆ టీములో జాక్ టేలర్ అనే కుర్రోడు ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు కొట్టినాడు. అవును, ఒక్కడే. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అంతకుముందు ఎవుడూ అంత కొట్టలేదు. గ్రిన్నెల్ 179-104తో గెలిచింది. ప్రపంచమంతా వోడి పేరే.

ఇప్పుడు పక్క గళ్లు చూడండి. వోడు బంతి విసిరింది 108 సార్లు, పడింది 52 సార్లు. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలిన ఇళ్లల్లో పుట్టినోళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని టన్నులు తోలామన్నది ఒక లెక్క, రికవరీ ఎంతొచ్చిందన్నది ఇంకో లెక్క. టేలర్ రికవరీ నూటికి 48. ఇంక అసిస్ట్ గడి, అంటే తను బంతి అందిస్తే పక్కోడు బాస్కెట్ వేసిన లెక్క. అందులో ఉన్నది సున్నా. 36 నిమిషాలు కోర్టులో ఉన్నోడి చేతి నుంచి బంతి అందుకుని బాస్కెట్ వేసినోడు ఒక్కడూ లేడు.

అసలు తమాషా ఎదర టీములో ఉంది. అది ఫెయిత్ బాప్టిస్ట్ అనే ఇంకో చిన్న కాలేజీ. ఆళ్లల్లో డేవిడ్ లార్సన్ అనే కుర్రోడు 44 సార్లు విసిరి 34 సార్లు వేసినాడు. రికవరీ నూటికి 77. మొత్తం 70 పాయింట్లు. వేరే ఏ రోజైనా పేపర్లలో వోడి బొమ్మే పడును. ఆ రోజు 75 పాయింట్ల తేడాతో ఓడిపోయినాడు.

అయితే లార్సన్ గొప్పోడు, టేలర్ కాదు అనేస్తారా? ఆగండి. గ్రిన్నెల్ టీము ఆటే వేరు. వాళ్లు కోర్టు పొడుగునా మీద పడతారు. బంతి దక్కకపోతే ఎదరోడు బాస్కెట్ వేసుకున్నా పెద్దగా పట్టించుకోరు. బంతి బేగి చేతికొస్తే చాలు, దూరం నుంచి త్రీ పాయింటర్లు విసురుతారు. ఆ ఆటలో లార్సన్‌కి రింగు కింద దారి తెరిచే ఉంది. అంచేత ఆ 77 కూడా పూర్తిగా వోడి గొప్పే కాదు. అంకె అబద్ధం చెప్పదు గానీ, ఆట ఎలగ జరిగిందో తెలీకపోతే అది మనకేం చెబుతుందో కూడా తెలీదు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన తెలుగు టైటాన్స్ సంగతి చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు విశాఖలో మనోళ్లు ఎగబడి చూసిన టీము అది. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొన్నారు. వోడు తీసుకున్న డబ్బుకి ఆడినాడు, రైడ్ పాయింట్లు 200 దాటించినాడు. టీము? 22 మ్యాచులాడి గెలిచింది రెండు. 12 టీముల్లో ఆఖరు స్థానం.

ఎందుకలగ? కబడ్డీలో ఔటైనోడు మళ్లీ లోపలికి రావాలంటే తన టీము ఎదరోళ్లని ఔట్ చెయ్యాలి. ఒక్క రైడర్ మీదే బండి నడిస్తే, వోడు బెంచీ మీద కూర్చున్న నిమిషంలో బండి ఆగిపోతుంది. రెండో రైడర్ తేలేడు, డిఫెన్స్ పట్టలేదు, ఆలౌట్ అయితే ఇంకో రెండు పాయింట్లు ఉత్తినే పోతాయి. తర్వాతి సీజన్‌లో పవన్ దెబ్బ తగిలి మధ్యలో కొన్ని మ్యాచులు ఆడలేదు. ఆ ఏడు టైటాన్స్ 12 గెలిచింది. విజయ్ మలిక్ లాంటోళ్లు రైడింగ్ భారం మోసినారు. పవన్ లేకపోతేనే మంచిదని కాదు నేననేది. పాయింట్లు నలుగురి చేతుల్లో ఉంటే టీము ఎలగుంటదో చూడండి అంటున్నాను.

ఈ మాట మీద నాకు సొంత కోపం ఒకటుంది. డిగ్రీలో మా కబడ్డీ టీములో ఒకడుండేవోడు, కవర్‌లో ఆడేవోడు. కార్నర్ వోడు కాలు పట్టగానే వెనకనుంచి నడుం పట్టి రైడర్‌ని గీత దాకా పోనిచ్చేవోడు కాదు. పాయింటు ఒకటే, పట్టిన చేతులు నాలుగు. పుస్తకంలో పేరు మాత్రం కాలు పట్టినోడిదే. సెలక్షన్ రోజున పుస్తకం తిరగేసి, వీడి పేరెదర ఏటీ లేదని పక్కన పెట్టేసినారు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇల్లు అది. ఆ రోజు నుంచి వోడు గ్రౌండ్ మొహం చూడలేదు.

ఇలాంటోళ్లని పట్టుకోవడానికి బాస్కెట్‌బాల్ వాళ్ల దగ్గర ఒక సులువైన లెక్క ఉంది, ప్లస్ మైనస్ అంటారు. మీ వోడు దిగేసరికి స్కోరు 20-18 అనుకోండి. వోడు బయటికొచ్చేసరికి 31-22. అంటే రెండు పాయింట్ల ఆధిక్యం తొమ్మిదైంది. వోడు ఒక్క బాస్కెట్ వెయ్యకపోయినా వోడి పేరెదర ప్లస్ 7 పడుతుంది. ఒక్క మ్యాచ్‌తో దీన్ని నమ్మొద్దు, పక్కన గట్టి ఆటగాళ్లుంటే ఎవుడికైనా ప్లస్సే వస్తుంది. పది మ్యాచులు రాస్తే మాత్రం ఎవుడుంటే టీము నిలబడుతుందో బయట పడిపోతుంది.

దీనికి యాప్ అక్కర్లేదు. బౌండరీ బయట కూర్చుని ఎలాగూ కేకలేసేవోడు ఒకడుంటాడు కదా, వోడి చేతికొక నోటుబుక్కు, పెన్నూ ఇవ్వండి. ఎవుడు ఎన్నో నిమిషంలో దిగినాడు, ఎప్పుడు బయటికొచ్చినాడు, అప్పుడు స్కోరెంత. కబడ్డీకైతే పట్టులో వెనకున్నోడి పేరు కూడా. వచ్చే సెలక్షన్ రోజున ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టండి.