బండి నడుపుతూ సెల్‌ఫోన్: నిషేధం ఒక్కటే సరిపోతుందా?



ఈ పేజీలో మామూలుగా బీపీ, షుగరు, జ్వరాలు, బాలింతల ఆహారం వంటి విషయాలు రాస్తుంటాం. ఈసారి రాస్తున్నది జబ్బు గురించి కాదు. కానీ దీనివల్ల మా క్యాజువాలిటీకి వచ్చేవారు తక్కువేమీ కాదు. పొద్దున ఇంటి నుంచి ఆరోగ్యంగా బయలుదేరినవారు సాయంత్రానికి స్ట్రెచర్ మీద వస్తున్నారు.

కొంతకాలం క్రితం ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ల అబ్బాయిని ఆటోలో తీసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది, తలకు బలమైన దెబ్బ తగిలింది. హెల్మెట్ బండికి తగిలించి ఉందట. లోపల మేము రక్తం ఆపే పనిలో ఉండగా, బయట బెంచీ మీద వాళ్ల నాన్నగారు చేతిలోని ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు. మా సిస్టరుగారు వెళ్లి పలకరిస్తే ఆయన అన్న మాట ఇది: "ఫోను చేసింది నేనేనమ్మా. ఎక్కడిదాకా వచ్చావురా అని అడిగాను. వంతెన దాటుతున్నా నాన్నా అన్నాడు. ఆ తర్వాత చప్పుడు వినిపించింది."

ఆ అబ్బాయి బతికాడు. కానీ నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఇప్పటికీ చెప్పిన మాట కాసేపటికి మరచిపోతున్నాడు. డిశ్చార్జి రోజున ఆ తండ్రి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: "తప్పు ఫోను ఎత్తినవాడిదా, చేసిన నాదా? అసలు దీన్ని పూర్తిగా నిషేధించవచ్చు కదా?" ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసంలో ఆ ప్రయత్నం చేస్తున్నాము.

ఫోను మాట్లాడితే ఏమవుతుంది?

బండి నడపడానికి మనకు మూడు కావాలి: కళ్లు, చేతులు, మనసు. సెల్‌ఫోన్ ఈ మూడింటినీ లాక్కుంటుంది.

మొదట కళ్ల సంగతి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. వచ్చిన మెసేజి చదవడానికి ఐదు సెకన్లు పట్టిందనుకుందాం. ఆ ఐదు సెకన్లలో బండి 83 మీటర్లు పోతుంది. ఆరు కబడ్డీ కోర్టులను వరుసగా పరిచినంత దూరం అది. అంత దూరమూ మనం కళ్లు మూసుకుని నడిపినట్లే. ఆ మధ్యలో ఒక గేదె రావచ్చు, బడి నుంచి వచ్చే పిల్ల రోడ్డు దాటవచ్చు, ముందు లారీ ఆగిపోవచ్చు.

ఇక చేతులు. మోటారు సైకిలుకు కుడిచేతి వైపు యాక్సిలరేటరు, ముందు బ్రేకు ఉంటాయి. ఎడమచేతి వైపు క్లచ్చి ఉంటుంది. ఏ చేత్తో ఫోను పట్టుకున్నా వాటిలో ఒకటి వదిలేసినట్లే. ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకున్నప్పుడు చిన్న గుంత తగిలినా బండి పక్కకు లాగేస్తుంది. కొందరు ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, మెడ వంచి నడుపుతారు. మరికొందరు హెల్మెట్‌లోకి దూర్చుకుంటారు. మెడ వంచినవారికి ఒక పక్క నుంచి వచ్చే బండి సరిగా కనబడదు. ఫోను దూర్చిన హెల్మెట్ తలకు సరిగా పట్టదు, పడినప్పుడు కాపాడవలసినంతగా కాపాడదు.

మూడవది మనసు. చాలామందికి తెలియనిది ఇదే. "నేను చేత్తో పట్టుకోను, బ్లూటూత్ పెట్టుకుంటాను, నాకేం ప్రమాదం లేదు" అనేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఈ విషయాన్ని పరిశోధకులు ఎప్పుడో పరిశీలించారు. 1997లో కెనడాలోని టొరంటోలో ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను, ప్రమాద సమయాలను పోల్చి చూశారు. ఫోను మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. చేత్తో పట్టుకోని ఫోనుతో ప్రమాదం తగ్గుతుందనడానికి వారికి ఆధారం దొరకలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, ప్రమాదంలో గాయపడి ఆసుపత్రికి వచ్చిన డ్రైవర్లపై చేసిన పరిశోధనలోనూ దాదాపు ఇదే ఫలితం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ నాలుగు రెట్ల మాటే చెబుతోంది.

దీనికి కారణం ఏమిటి? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో దీనికి జవాబు చూపారు. ఫోను సంభాషణలో ఉన్న డ్రైవర్లు రోడ్డు పక్కనున్న బోర్డుల వైపు చూశారు. కానీ తరువాత అడిగితే వాటిని గుర్తుపట్టలేకపోయారు. కన్ను చూసింది, మెదడు పట్టించుకోలేదు. క్యాజువాలిటీలో "ఎదురుగా బండి అసలు కనబడలేదండీ" అని చెప్పేవారిని మేము తరచుగా చూస్తుంటాము. వారు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు.

పక్కన కూర్చున్నవారితో మాట్లాడితే?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఫోను ప్రమాదమైతే పక్క సీటులోని భార్యతోనో స్నేహితునితోనో మాట్లాడటం ప్రమాదం కాదా అని అడుగుతారు. కొంత తేడా ఉంది. పక్కన ఉన్నవారికి రోడ్డు కనిపిస్తుంది. ఎదురుగా బస్సు వస్తుంటే వారే మాట ఆపుతారు, "చూసి, చూసి" అని హెచ్చరిస్తారు. ఫోనులో ఉన్నవారికి అదేమీ తెలియదు. మీరు లారీని దాటుతున్న క్షణంలోనే వారు "ఇంతకీ డబ్బు కట్టావా లేదా?" అని గట్టిగా అడుగుతారు. రేడియో, పాటల సంగతి వేరు. అవి మన జవాబు కోసం ఎదురుచూడవు. అయినా రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిపితే వెనుక హారన్ వినబడదు.

పోట్లాట మాత్రం ఎదుట జరిగినా, ఫోనులో జరిగినా ప్రమాదమే. వెనుక సీటులో పిల్లలు కొట్టుకుంటుంటే తల తిప్పడం, నడుపుతూ తినడం, చేతిలో పసిబిడ్డను పెట్టుకుని నడపడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

చట్టం ఏమి చెబుతోంది?

మన దేశంలో చేత్తో పట్టుకుని ఫోను వాడటంపై ఇప్పటికే నిషేధం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ సవరణతో, నడుపుతూ చేతిలో ఫోను వాడటం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగులో చేరింది. మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, లేక రెండూ గానీ విధించవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే 10,000 రూపాయల జరిమానా, రెండేళ్ల వరకు జైలు కూడా పడవచ్చు. 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడవచ్చు. అది కూడా డ్రైవరు ఏకాగ్రత చెడకుండా ఉండాలి.

అంటే "నిషేధించాలా?" అన్న ప్రశ్నకు చేతిలో ఫోను వరకు జవాబు వచ్చేసింది. ఇక మిగిలిన ప్రశ్నలు రెండు. ఆ నిషేధం పనిచేస్తున్నదా? బ్లూటూత్ ఫోనునూ, ఇతర అశ్రద్ధలనూ కూడా నిషేధించాలా?

నిషేధం పనిచేస్తుందా?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2001లో చేతిలో ఫోనుతో నడపడాన్ని నిషేధించింది. చట్టం రాగానే అలా నడిపేవారు సగానికి తగ్గారు. కానీ ఏడాది గడిచేసరికి దాదాపు పాత సంఖ్యకే చేరుకున్నారు. మొదట్లో పత్రికలు రాశాయి, భయం ఉంది. తరువాత పట్టుకునేవారు తగ్గారని జనానికి అర్థమైంది. హెల్మెట్ విషయంలో మన ఊళ్లలో జరిగేదీ ఇదే కదా? పోలీసులు నిలబడిన కూడలిలో హెల్మెట్ తలమీదకు వస్తుంది, మలుపు తిరగగానే మోచేతికి చేరుతుంది.

కాబట్టి చట్టం అవసరం, అమలు ఇంకా అవసరం. అయితే చెవిలో దాచుకున్న ఇయర్‌ఫోనులో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు పాట వింటున్నారో రోడ్డు మీది కానిస్టేబులు కనిపెట్టలేడు. పట్టుకోలేని తప్పుకు చట్టం చేస్తే అది కాగితం మీదే మిగులుతుంది. ఇంటి గొడవను తలుచుకుంటూ నడపడాన్ని ఏ చట్టమూ ఆపలేదు. ప్రమాదం నమోదు చేసేటప్పుడు కూడా ఎక్కువగా "అతివేగం" అని రాసుకుంటారు. ఆ వేగంలో చెవి దగ్గర ఫోను ఉందో లేదో తరువాత తేల్చడం కష్టం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో ఎందరి వెనుక ఒక ఫోను కాల్ ఉందో పూర్తిగా లెక్కకు రాదు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆటో నడిపేవారికి, పార్సిళ్లు చేరవేసే అబ్బాయిలకు ఫోనే బతుకుతెరువు. వారికి జరిమానా వేయడం సులువు. కానీ "ఇంకా ఎంతసేపు?" అని పదే పదే ఫోను చేసేది మనమే. జరిమానా కట్టేది వారు, తొందర మనది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. చేతిలో ఫోనుపై నిషేధం సరైనదే, దాన్ని గట్టిగా అమలు చేయాలి. బ్లూటూత్ మాటలనూ, మిగిలిన అశ్రద్ధలనూ ఆపవలసింది ముందుగా కుటుంబమూ, పని ఇచ్చేవారూ. పోలీసులు చూడలేని చోట ఇంటివారి కట్టుబాటే పనిచేస్తుంది.

మా తప్పు కూడా ఒకటి

ఆ అబ్బాయి సంఘటన తరువాత మేము మా అలవాట్లనూ పరిశీలించుకున్నాము. పేషెంటును తీసుకురావడానికి అంబులెన్సు వెళ్లినప్పుడు, "ఎక్కడున్నారు? ఎంతసేపట్లో వస్తారు?" అని మేమే నేరుగా డ్రైవరుకు ఫోను చేసేవాళ్లం. ఒక్కో ట్రిప్పులో మూడు నాలుగు సార్లు! ప్రాణం కాపాడే తొందరలో మేమే మరో నాలుగు ప్రాణాలను ప్రమాదంలో పెడుతున్నామని తట్టలేదు. ఇప్పుడు డ్రైవరు ఫోను బండి కదలకముందే పక్కన కూర్చున్న అటెండరు చేతికి వెళుతుంది. జవాబు అతనే చెబుతాడు.

మీ ఇంట్లో ఈ కట్టుబాట్లు పెట్టుకోండి

1. ఫోను చేసినవారు మొదట అడగవలసిన మాట: "బండి మీద ఉన్నావా?" అవునంటే వెంటనే పెట్టేయండి. "ఆగాక చెయ్యి" అని కూడా పొడిగించవద్దు.

2. ఇంటినుంచి బయలుదేరినవారికి వారు చేరే సమయం వరకు ఫోను చేయవద్దు. ఆలస్యమైతే ఒక మెసేజి పెట్టండి. ఆగినప్పుడు చూసుకుంటారు.

3. బండి ఎక్కేముందు ఫోనును సైలెంటులో పెట్టి బ్యాగులోనో, సీటు కింద డిక్కీలోనో ఉంచండి. జేబులో ఉంటే చెయ్యి దానంతటదే వెళుతుంది.

4. అత్యవసరమైతే రోడ్డు దిగి, పక్కన సురక్షితమైన చోట ఆపి మాట్లాడండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ఫోను తీయవద్దు.

5. దారి చూసుకోవలసి వస్తే బయలుదేరకముందే పెట్టుకోండి. మధ్యలో మార్చాలంటే ఆపండి.

6. మీరు వెనుక కూర్చున్నప్పుడు నడిపేవారు ఫోను ఎత్తితే, మొహమాటపడకుండా "ఆపి మాట్లాడండి" అని చెప్పండి. ఆటోలో, బస్సులో కూడా అడిగే హక్కు మీకుంది.

7. పిల్లల ముందు మీరే ఫోనుతో నడపవద్దు. పద్దెనిమిదేళ్లు వచ్చాక వారు నడిపే తీరు మీ దగ్గర నేర్చుకున్నదే అవుతుంది.

8. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు నడిచివెళ్లేవారు కూడా ఇయర్‌ఫోను తీసేయాలి.

ప్రమాదం చూస్తే

వెంటనే 108కు ఫోను చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033కు కూడా చేయవచ్చు. మెడ, నడుము వంచకుండా జాగ్రత్తపడండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. "కేసులో ఇరుక్కుంటామేమో" అని భయపడవద్దు. గాయపడినవారికి మంచి మనసుతో సహాయం చేసినవారిని కాపాడే 134ఏ సెక్షన్ 2019 సవరణతో చట్టంలో చేరింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. ఇటీవల ఫిజియోథెరపీకి కొడుకుతో వచ్చినప్పుడు ఆయనతో మళ్లీ మాట్లాడాము. "తప్పు మీ ఒక్కరిదీ కాదు, అబ్బాయి ఒక్కడిదీ కాదు. ఫోను మోగితే ఎత్తి తీరాలన్న మన అందరి అలవాటుది" అని చెప్పాము. ఆయన కాసేపు ఊరుకుని, "ఇప్పుడు పెద్దబ్బాయి బండి మీద వెళితే నేను ఫోను చెయ్యనండీ. గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాను" అన్నారు.

అలా ఎదురుచూడటం కొంచెం కష్టమే. కానీ ఆసుపత్రి బెంచీ మీద ఎదురుచూడటం కంటే అది ఎంతో మేలు.