గుమ్మి పెద్దదైతే పంట పెరుగుతదా?



వార్షిక సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు ఎరువుల గురించి రాద్దామనుకున్నాను. రైతు బిడ్డను కనుక ఆ సంగతి నాకు కొంత తెలుసు. కాని ఈ ఏడాది మా గదిలో జరిగిన ఒక ముచ్చట నన్ను ఎరువుల దగ్గరి నుండి హార్డ్ డిస్కుల దగ్గరికి లాక్కుపోయింది. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఇంచుమించు వ్యవసాయం సంగతే అని మీరే ఒప్పుకుంటారు.

మా గదిలో ముగ్గురం. ఒకడిది జనగామ, ఒకడిది భూపాలపల్లి, నాది మహబూబాబాద్ పక్కన పల్లె. భూపాలపల్లి వాని తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మా ఇద్దరివీ వ్యవసాయం మీద బతికే ఇండ్లు. నిరుడు ముగ్గురం పైసలు పోగుచేసి ఒక పాత వీడియో గేమ్ కన్సోల్ కొన్నాం. కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే డబ్బా. ఆరు నెలలు తిరగకముందే అందులో జాగా నిండిపోయింది. కొత్త ఆట ఎక్కించాలంటే పాత ఆట తీసెయ్యాలి. అందుకని బయట నుండి తగిలించే హార్డ్ డిస్క్ ఒకటి కొనాలని తీర్మానించాం.

ఆ డిస్క్ మీద ముగ్గురికి మూడు ఆశలు. జనగామ వాడు జాగా పెరుగుతదన్నాడు. భూపాలపల్లి వాడు ఆట తొందరగా తెరుచుకుంటదన్నాడు. నేనైతే ఇంకో మెట్టు ఎక్కి, ఇప్పుడొస్తున్న కొత్త ఆటలన్నీ మన పాత డబ్బాలోనే ఆడుకోవచ్చన్నాను. నా వాటా పైసల కోసం ఇంటికి ఫోన్ చేశాను. మిరపకాయలు ఏరే రోజులవి. నేనడిగిన సొమ్ము మా అమ్మ ఎన్ని పొద్దులు నడుం వంచితే వస్తుందో నాకు తెలుసు. నాయిన అంతా విని ఒకటే మాట అడిగాడు. "గుమ్మి పెద్దదైతే పంట పెరుగుతదారా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. బి.ఎస్సీ. మూడో సంవత్సరం చదువుతూ ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది. ఆ జవాబు వెతికితే దొరికిందే ఈ వ్యాసం.

గుమ్మి, తొట్టి, గిర్నీ

కన్సోల్ లోపల ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. ఆటకు సంబంధించిన బొమ్మలు, శబ్దాలు, లెక్కలు అన్నీ నిలవ ఉండే చోటు ఒకటి. అది డిస్క్. దాన్ని వడ్ల గుమ్మి అనుకోండి. రెండవది ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకం. ఇది గిర్నీ మీద ఉండే తొట్టి. మూడవది ప్రాసెసర్. అదే గిర్నీ.

గుమ్మిలో వంద బస్తాలున్నా గిర్నీ పట్టేది తొట్టిలో పోసినవి మాత్రమే. ఆటలో మనం ఒక ఊరి నుండి ఇంకో ఊరికి పోయినప్పుడు తెర మీద "ఆగండి" అని వస్తుంది చూడండి, అప్పుడు లోపల జరుగుతున్నది ఇదే. పాత ఊరి బొమ్మలను తొట్టిలో నుండి దులిపేసి, కొత్త ఊరి బొమ్మలను గుమ్మి నుండి మోసుకొస్తుంది.

దీన్ని బట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, గుమ్మి ఎంత పెద్దదైనా గిర్నీ బలం పెరగదు. నా ఆశ అక్కడే మునిగిపోయింది. రెండవది, వేగం గుమ్మి సైజులో లేదు, గుమ్మి నుండి తొట్టికి ఎట్లా మోస్తున్నామన్న దానిలో ఉంది. తల మీద మోస్తున్నామా, ఎడ్లబండి మీదనా, ట్రాక్టరు మీదనా?

హార్డ్ డిస్క్ ఎట్లా మోస్తుంది?

హార్డ్ డిస్క్ కొత్త వస్తువేమీ కాదు. 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ మొదటిది విడుదల చేసింది. అందులో 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్ళాలు తిరిగేవి. అంతా కలిపి దాదాపు 50 లక్షల అక్షరాలు పట్టేవి. నేడు సెల్‌ఫోన్‌లో తీసే ఒక్క ఫోటోకు అది సరిపోతే గొప్ప.

సైజు తగ్గినా సూత్రం మారలేదు. అయస్కాంత పూత పూసిన పళ్ళెం గిరగిర తిరుగుతుంది. దాని మీద సూది లాంటి చెయ్యి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది, రాస్తుంది. బయట తగిలించే చిన్న డిస్కులలో పళ్ళెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీ సెకండ్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. చెయ్యి జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. ఒక్కసారికి ఇది ఏమంత ఎక్కువ కాదు. కాని ఆటలో ఇటువంటి వెతుకులాటలు వేలకొద్ది ఉంటాయి. సి.డి., డి.వి.డి.లతో పోలిస్తే హార్డ్ డిస్క్ ఎంతో మేలు. తిరిగే పళ్ళెమే లేని ఎస్.ఎస్.డి.తో పోలిస్తే మాత్రం అది ఎడ్లబండే.

ఒక లెక్క చూద్దాం. హార్డ్ డిస్క్ సెకండుకు 100 మెగాబైట్లు ఇస్తుందనుకోండి. 16 గిగాబైట్ల తొట్టి నింపాలంటే 160 సెకండ్లు. ప్లేస్టేషన్ 5లో ఉన్న ఎస్.ఎస్.డి. సెకండుకు 5.5 గిగాబైట్లు ఇస్తుంది. అదే తొట్టి మూడు సెకండ్లలో నిండిపోతుంది. తేడా ఎంతో మీరే చూడండి.

ఆశలు పాతవే

అదనపు డబ్బా తగిలిస్తే ఆట మారిపోతుందన్న ఆశ మా ముగ్గురితో మొదలు కాలేదు. జపానులో నింటెండో కంపెనీ తన ఫామికామ్ అనే కన్సోల్‌కు 1986 ఫిబ్రవరిలో ఒక డిస్క్ డబ్బా తెచ్చింది. ఆ రోజుల్లో క్యాసెట్ వంటి కార్ట్రిడ్జ్‌లలో జాగా తక్కువ, ఖరీదెక్కువ. డిస్కులో జాగా ఎక్కువ, పైగా ఆడిన ఆటను ఎక్కడ ఆపామో అక్కడి నుండి మొదలుపెట్టవచ్చు. కాని కొద్ది ఏండ్లలోనే కార్ట్రిడ్జ్‌లే పెద్దవయ్యాయి. ఆట నిలవ చేయడానికి వాటిలోనే బ్యాటరీలు వచ్చాయి. ఆ డిస్క్ డబ్బా జపాను దాటి బయటి దేశాల్లో విడుదల కాలేదు. మన దగ్గర 1990ల తరువాత దొరికిన చౌక టీవీ గేములు చాలావరకు ఈ ఫామికామ్ నకళ్ళే. వాటిని ఆడిన మన అన్నలకు కార్ట్రిడ్జ్ తెలుసు గాని డిస్క్ సంగతి తెలియదు.

ఇక అసలు కథ ప్లేస్టేషన్ 2ది. సోనీ కంపెనీ దీన్ని 2000 మార్చిలో జపానులో విడుదల చేసింది. ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన డబ్బా అది. అమెరికాలో అమ్మిన మొదటి నమూనాలకు వెనుక భాగంలో ఖాళీ అర ఒకటి ఉండేది. అందులో హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చన్నారు. దాని మీద ఎన్ని ఆశలో! ఆట తొందరగా తెరుచుకుంటుందన్నారు, ఇంటర్నెట్ నుండి కొత్త భాగాలు దిగుతాయన్నారు. 2001 జూలైలో జపానులో 40 గిగాబైట్ల డిస్క్ వచ్చింది. అమెరికాకు చేరేసరికి 2004 మార్చి అయింది. ఫైనల్ ఫాంటసీ 11 అనే ఆటతో కలిపి 99 డాలర్లకు అమ్మారు. అదే ఏడాది చివర సన్నని కొత్త నమూనా వచ్చింది. దానికి వెనుక అర లేనే లేదు. ఆ కన్సోల్‌కు వచ్చిన వేల ఆటల్లో డిస్కును వాడుకున్నవి కొద్ది మాత్రమే.

వస్తువులో లోపం ఉందా? లేదు. మరి ఎందుకిట్లా అయింది?

కోత మిషను రాని పొలం

మా ఊళ్ళో వరి కోత మిషను సంగతి చెబుతాను. ఒక వాడకట్టులో ఇరవై ఎకరాలు ఒకేసారి కోతకొస్తే మిషను వాడు పిలవకున్నా వస్తాడు. ఒక్క రైతు అరెకరం కోసం ఎంత బతిమాలినా రాడు. ఆ రైతు వరి మంచిది కాదా? మంచిదే. కాని అంత దూరం వచ్చినందుకు మిషను వానికి డీజిలు గిట్టదు.

ఆట తయారుచేసే కంపెనీ కూడా కోత మిషను వంటిదే. పది మందిలో ఒక్కరి దగ్గరే హార్డ్ డిస్క్ ఉంటే, ఆ ఒక్కరి కోసం ఆటను వేరుగా తయారుచేయరు. డిస్క్ లేని తొమ్మిది మందికి కూడా ఆడేటట్టు తయారుచేస్తారు. ఆటలు లేవని జనం డిస్క్ కొనరు. జనం కొనలేదని కంపెనీలు ఆటలు చేయవు.

దీనికి సాక్ష్యం మన హైదరాబాదులోనే ఉంది. 2009లో అరోనా టెక్నాలజీస్ అనే హైదరాబాదు కంపెనీ "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి కన్సోల్ ఆటగా దాన్ని చెప్పుకుంటారు. అప్పటికి బజారులో ఉన్నది వెనుక అర లేని సన్నని నమూనా. దేశమంతా అమ్మాలనుకున్న ఆట ఎవరి ఇంట్లోనూ లేని డిస్కును నమ్ముకుని ఎట్లా వస్తుంది? అందరి దగ్గర ఉన్నదానికే పంట వేయాలి.

మైక్రోసాఫ్ట్ కంపెనీ ఈ సంగతిని ఒకసారి పాటించింది, ఒకసారి మరిచింది. 2001 నవంబరులో వచ్చిన వారి ఎక్స్‌బాక్స్‌లో ప్రతి డబ్బాలోనూ 8 గిగాబైట్ల హార్డ్ డిస్క్ ఉంది. అందరి దగ్గరా ఉంది కనుక ఆటలు దానిని ధీమాగా వాడుకున్నాయి. 2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360ని రెండు రకాలుగా తెచ్చారు. తక్కువ ధర దానిలో డిస్క్ లేదు, ఎక్కువ ధర దానిలో 20 గిగాబైట్లది ఉంది. దాంతో దాదాపు ప్రతి ఆటా డిస్క్ లేకుండా కూడా నడవాల్సి వచ్చింది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో మాత్రం మొదటి నుండే హార్డ్ డిస్క్ పెట్టారు. 2013 నాటికి వాదన ముగిసింది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ 500 గిగాబైట్ల డిస్క్ లోపల పెట్టుకునే వచ్చాయి. తగిలించేదిగా ఉన్నన్ని రోజులు మార్చలేనిది, లోపలికి పోయాక మొత్తం మార్చేసింది.

మా డిస్క్ ఏమైంది?

చివరికి డిస్క్ కొన్నాం. 1 టెరాబైట్. ముందుగా కంప్యూటరుకు పెట్టి చూస్తే 931 గిగాబైట్లే చూపించింది. దుకాణం వాడు తరుగు తీశాడని జనగామ వాడు కొట్లాటకు బయలుదేరాడు. ఆపి లెక్క చెప్పాను. అమ్మేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. వడ్లు అవే, కొలిచే మానిక వేరు.

ఆ పూటే వాడు తన బోటనీ యాత్ర ఫోటోలన్నీ ఆ డిస్కులో వేసి, ఫోన్‌లో నుండి తీసేశాడు. రాత్రి నేను డిస్కును కన్సోల్‌కు తగిలించాను. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. తొందరలో చదవకుండానే "అవును" అని నొక్కాను. కన్సోల్ ఆటల కోసం డిస్కును తన పద్ధతిలో కొత్తగా దున్నుకుంటుంది. దాన్నే ఫార్మాట్ అంటారు. దున్నిన చేనులో నిన్నటి మొలకలు ఉంటాయా? ఫోటోలన్నీ పోయాయి. తప్పు డబ్బాది కాదు, నాది. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మళ్ళీ ఆకులు ఏరడానికి వానితో పాటు నేనూ ఎండలో తిరిగాను.

ఇక మూడు ఆశల సంగతి. జాగా నిజంగానే పెరిగింది. వేగం చెప్పుకోదగ్గంత పెరగలేదు, పాత డబ్బాలో ఉన్నదీ తిరిగే పళ్ళెమే, తగిలించిందీ తిరిగే పళ్ళెమే. కొత్త ఆటలు ఆడనే లేదు. కాని మేము అనుకోని లాభం ఒకటి కలిగింది. నేటి పెద్ద ఆట ఒక్కొక్కటి 100 గిగాబైట్ల దాకా ఉంటుంది. రోజుకు 1.5 గిగాబైట్ల సెల్‌ఫోన్ డేటాతో దాన్ని దించుకోవాలంటే 66 రోజులు దాటుతుంది. తీసేసిన ఆట మళ్ళీ కావాలంటే మళ్ళీ రెండు నెలలు. డిస్క్ ఉంటే ఒకసారి దించింది మన దగ్గరే ఉంటుంది. పట్నంలో తీగ ఇంటర్నెట్ ఉన్నవారికి ఇది పెద్ద సంగతి కాదు. మన పల్లెలకు ఇదే అసలు సంగతి.

కొనబోయే మిత్రులకు

మీ కన్సోల్ బయటి డిస్క్ మీది నుండి ఆటను నేరుగా ఆడిస్తుందా, లేక నిలవ మాత్రమే చేస్తుందా అని ముందు కనుక్కోండి. ఉదాహరణకు ప్లేస్టేషన్ 5 ఆటలను యు.ఎస్.బి. డిస్కులో దాచుకోవచ్చు గాని, ఆడాలంటే మళ్ళీ లోపలికి మార్చాలి. ప్లేస్టేషన్ 4 ఆటలైతే నేరుగా ఆడతాయి. ప్లేస్టేషన్ 5లో అదనపు ఎస్.ఎస్.డి. పెట్టుకునే అర ఉంది, 2021 సెప్టెంబరులో దాన్ని తెరిచారు. ఎక్స్‌బాక్స్ సీరీస్ ఎక్స్, ఎస్‌లకు వేరే విస్తరణ కార్డులున్నాయి. వీటి ఖరీదు మామూలు హార్డ్ డిస్క్ కంటే ఎక్కువ. మీకు కావలసింది జాగానా, వేగమా అన్నది తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి. డిస్కులో ఫోటోలు, రికార్డులు ఉంటే ముందే వేరే చోట దాచుకోండి. తెర మీద ప్రశ్న వస్తే పూర్తిగా చదవండి.

మొన్న ఇంటికి పోయినప్పుడు నాయినకు జవాబు చెప్పాను. "గుమ్మి పెద్దదైతే పంట పెరగది నాయినా. కాని ఒకసారి ఇంటికొచ్చిన గింజ పారబోసుకోవాల్సిన పని ఉండది" అన్నాను.

నాయిన కాసేపు ఆలోచించి, "గామాట ఆ రోజే చెప్తే ఇంకో వంద ఎక్కువిద్దును గదరా" అన్నాడు.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి