రోలర్ కోస్టర్ల తారతమ్యము

జాతరలో రంగులరాట్నమెక్కిన బాలుడు దిగివచ్చి 'బాగున్నది' అనియో, 'కన్నులు తిరిగినవి' అనియో చెప్పి ఊరకుండును. అంతకు మించి దానినిగూర్చి విచారించువారు అరుదు. కాని అమెరికా, ఐరోపా ఖండములలో ఇట్టి వినోదయంత్రమొకదానికొరకై ఊరూర తిరుగుచు, ఎక్కిన ప్రతిదానిని లెక్కవ్రాసికొనుచు, ఏది దేనికంటె మేలో ఏండ్లతరబడి వాదించుకొను జనులు వేలకొలదిగా ఉన్నారు. ఆ యంత్రము పేరు రోలర్ కోస్టర్.

ఎత్తయిన మిట్టమీదికి గొలుసుచే లాగబడి, అచటినుండి తన బరువుచేతనే జారి, మిట్టపల్లముల పట్టాలమీద పరుగెత్తు చిన్న రైలుబండి యిది. దీని పుట్టుక రష్యాదేశమున కలదు. అచట సెంట్ పీటర్స్‌బర్గు ప్రాంతమున కొయ్యదూలములతో గట్టులు కట్టి, వానిపై నీరుపోసి గడ్డకట్టించి, ఆ మంచుపై జారుట 18వ శతాబ్దమునాటికే గొప్ప వేడుక. అందువలననే ఫ్రెంచివారు నేటికిని రోలర్ కోస్టరును 'రష్యా కొండలు' అని పిలుతురు. 1884లో న్యూయార్కు నగరము చెంత కోనీ ఐలండ్ అను సముద్రతీరమున లామార్కస్ థాంప్సన్ అనునతడు నిర్మించిన బండి గంటకు ఆరు మైళ్ళు మాత్రమే పోయెడిది. వడిగా నడచు మనిషి కొంచెము పరుగెత్తినచో దానిని దాటిపోగలడు! అయినను ఐదు సెంట్లు చెల్లించి దానినెక్కుటకు జనులు బారులుతీరిరి. పిమ్మట కొయ్యతో కట్టిన రోలర్ కోస్టర్లు అమెరికా అంతట వందలకొలదిగా వెలసెను. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యములో వానిలో పెక్కు మూతపడి నేలమట్టమయ్యెను.

మిగిలినవానినైన కాపాడవలెననియు, వానిని ప్రేమించువారందరు ఒకచోట చేరవలెననియు 1978లో అమెరికన్ కోస్టర్ ఎంతూజియాస్ట్స్ అను సంఘము ఏర్పడినది. ఇట్టి సంఘములలోని సభ్యులు తామెక్కిన ఒక్కొక్క రోలర్ కోస్టరును ఒక 'క్రెడిట్' అందురు. కొందరు వందలు దాటిరి, వేయి దాటినవారును కలరు. లెక్కించుట సులభమని తోచును గాని, అందును చిక్కులున్నవి. ఒకే నమూనాలో పది ఊళ్ళయందు కట్టిన బండ్లు పదియా, ఒకటియా? పక్కపక్కనే రెండు పట్టాలపై పందెము పరుగెత్తు జంటబండ్లు ఒకటియా, రెండా? ఒక ఊరినుండి విప్పి మరియొక ఊరిలో కట్టినదానిని మరల లెక్కింపవచ్చునా? వీనికి అందరును అంగీకరించిన ఉత్తరములు లేవు. ఎవరి నియమము వారిది. ఆ నియమమును మధ్యలో మార్చుకొనరాదన్నదొక్కటే మర్యాద.

లెక్క ఒక ఎత్తు, తారతమ్యనిర్ణయము మరియొక ఎత్తు. ఎత్తును అడుగులతో కొలువవచ్చును, వేగమును మైళ్ళతో కొలువవచ్చును. అట్లు కొలిచి పెద్దదానికి పెద్దపీట వేసినచో వాదమే లేదు. కాని ఎక్కినవారు అట్లు తలపలేదు. 2005లో న్యూజెర్సీ రాష్ట్రమున కింగ్‌డా కా అను రోలర్ కోస్టరు వెలసెను. దాని ఎత్తు 456 అడుగులు, వేగము గంటకు 128 మైళ్ళు. ఆ రెంటియందును అది నాటికి ప్రపంచమున మొదటిది. అమ్యూజ్‌మెంట్ టుడే అను పత్రిక 1998 మొదలుకొని, విస్తారముగ తిరిగి ఎక్కిన అనుభవజ్ఞుల ఓట్లు సేకరించి, గోల్డెన్ టికెట్ అను బహుమానములను ఇచ్చుచున్నది. ఆ ఓట్లలో ఉక్కు రోలర్ కోస్టర్లకు ప్రథమస్థానము కింగ్‌డా కాకు ఎన్నడును దక్కలేదు.

మరి వారు వెదకునది ఏమి? ఉయ్యాల మిక్కిలి ఎత్తునకు పోయి వెనుకకు మరలు క్షణమున కడుపులో ఏదో ఖాళీయైనట్లు తోచుట బాలబాలికలందరును ఎరిగినదే. బండి మిట్ట శిఖరమును వేగముగ దాటునపుడు అందలి మనుజుని శరీరము జడత్వముచే ముందునకును మీదికిని పోవజూచును; బండి మాత్రము పట్టాల వెంట క్రిందికి వంగును. అప్పుడు పీటకును మనిషికిని నడుమ ఎడమేర్పడి, తొడలమీది ఇనుపకడ్డీ మాత్రమే వానిని ఆపియుంచును. ఈ క్షణమునే వారు 'ఎయిర్‌టైమ్' అందురు. మెల్లగ తేల్చునది ఒక విధము, ఒక్కపెట్టున విసరివేయునట్లుండునది మరియొక విధము. ఈ రెంటిలో ఏది మేలన్నదే వారి వాదములలో సగము. బండియే పట్టాలను విడిచి ఎగిరిపోదా యను సందేహము కలుగవచ్చును. పట్టాలకు అడుగున తగులునట్లు మరికొన్ని చక్రములను అమర్చు పద్ధతికి జాన్ మిల్లర్ అను అమెరికన్ నిర్మాత 1919లో పేటెంటు పొందెను. నిటారైన పల్లములు కట్టుటకు ధైర్యము వచ్చినది ఆ చక్రముల వలననే.

ఎయిర్‌టైమ్ ఒక్కటియే కాదు. మలుపులు ఒకదాని వెంట నొకటి ఎట్లు వచ్చుచున్నవి, చివరివరకును వేగము నిలుచుచున్నదా, ఒడలు హూనమగునట్లు కుదుపు ఉన్నదా, చుట్టును చెట్లున్నవా లేక బోసినేలయా అనునవి అన్నియు తూకములోనికి వచ్చును. పైగా ఒకే బండి అందరికిని ఒకే బండి కాదు. ముందు పీటవాడు శిఖరమును దాటునపుడు వెనుకపెట్టెలు ఇంకను మీదికి ఎక్కుచుండును గనుక అతడు మెల్లగ వ్రేలాడును. వెనుక పీటవాడు శిఖరమును చేరునప్పటికి ముందుపెట్టెలు క్రిందికి ఉరుకుచుండును గనుక అతడు ఈడ్వబడినట్లు పడును. ఉదయమునకంటె రాత్రివేళ చక్రములు కాగి బండి వడిగా పోవుటయు కలదు. కావున ఒక్కసారి ఎక్కి తీర్పు చెప్పువానిని అనుభవజ్ఞులు నమ్మరు. ముందు ఒకసారి, వెనుక ఒకసారి, పగలొకసారి, చీకటిలో నొకసారి ఎక్కవలెనందురు. గంటసేపు ఎండలో బారున నిలిచినవాడు కోపముతో తక్కువ మార్కులు వేయుటయు, నిరుడే కట్టిన క్రొత్తదానికి మోజుతో ఎక్కువ వేయుటయు వారికి తెలియనివి కావు.

ఇట్టి తీర్పులను వేలకొలది కూర్చి ఒక పట్టికగా చేయుట ఎట్లు? పదికి ఇన్ని మార్కులని అడిగి సరాసరి తీయవచ్చును. కాని పరీక్షాధికారులలో ధారాళముగ మార్కులిచ్చువారును, పిసినారులును ఉన్నట్లే ఇచటను ఉందురు. ధారాళులు మాత్రమే ఎక్కిన బండి పైకి పోవును. మొత్తము ఓట్లు లెక్కించినచో పెద్ద నగరము చెంతనున్నది మారుమూలదానిని ఎల్లప్పుడును ఓడించును. ఈ దోషములను తప్పించుటకై అమెరికాలో ఒక ఔత్సాహికుడు 1990 తరువాతి దశాబ్దమున జంటలవారీగా పోల్చు ఓటింగును నడపెను. దానిలోని యుక్తి చక్కనిది.

నగరపు బండిని ఐదువేలమందియు, పల్లెటూరి బండిని రెండువందలమందియు ఎక్కిరనుకొనవచ్చును. ఆ రెంటిని ఎక్కినవారు అరువదిమంది. ఆ అరువదిమంది మాటయే ఈ జంటకు ప్రమాణము, తక్కినవారు సాక్షులు కారు. వారిలో నలువదిమంది పల్లెదానిని, పదునైదుమంది నగరపుదానిని మెచ్చుకొని, ఐదుగురు రెండును సమానమన్నచో పల్లెబండియే గెలిచినది. ఇట్లు ప్రతి జంటకును చూచి, ఎక్కువ జంటలలో గెలిచినదానిని పైన నిలుపుదురు. ధారాళుడైనను పిసినారియైనను తనతో తానే పోల్చుకొనుచున్నాడు గనుక అతని గుణము లెక్కను చెరుపదు.

అయినను ఒక ముడి మిగులును. ముగ్గురు మిత్రులు క, చ, ట అను మూడు బండ్లనెక్కిరి. మొదటివానికి క, చ, ట అను వరుస ఇష్టము. రెండవవానికి చ, ట, క. మూడవవానికి ట, క, చ. ఇద్దరి మాటచే క చను గెలుచును. ఇద్దరి మాటచే చ టను గెలుచును. మరల ఇద్దరి మాటచే ట కను గెలుచును! ప్రతి మనిషికిని ఒక నిశ్చయమైన వరుస ఉన్నను, అందరికిని కలిపి వరుస లేకపోయినది. ఈ వింతను ఫ్రాన్సు దేశపు గణితవేత్త కాండొర్సే 1785లో ప్రభుత్వపు ఎన్నికల విషయమై నిరూపించెను. బండ్లు వందలుగా ఉన్నపుడు ఇట్టి ముడి పట్టిక అంతటిని వ్యర్థము చేయదు గాని, పదియవ స్థానమునకును పదునొకండవ స్థానమునకును గల భేదమును మిక్కిలి నమ్మరాదని ఇందువలన తెలియును.

ఇంత శ్రమ ఒక ఆటవస్తువునకా యని పెద్దలు నవ్వవచ్చును. కాని పాత రోలర్ కోస్టర్లకు ఇది ప్రాణముతో కూడిన విషయము. 1927లో కోనీ ఐలండ్‌లో కట్టిన సైక్లోన్ అను కొయ్యబండి ఎత్తు 85 అడుగులే. 1970 తరువాత దానిని పడగొట్టి, పక్కనున్న జలచరప్రదర్శనశాలను విస్తరింపవలెనని యోచన సాగెను. దాని విలువనెరిగినవారు ఎలుగెత్తి చెప్పుటవలన ఆ యోచన ఆగి, 1975లో సైక్లోన్ మరమ్మతు పొంది మరల పరుగెత్తెను. 1988లో న్యూయార్కు నగరము దానిని చారిత్రక కట్టడముగ ప్రకటించెను. అడుగులకోలతో మాత్రమే తూచియున్నచో దాని తరఫున పలుకుటకు ఎవరికిని మాటయుండెడిది కాదు.

టెక్సాస్ రాష్ట్రమునందలి శాన్ ఆంటోనియో నగరమున 1947లో రాకెట్ అను మరియొక కొయ్యబండి వెలసెను. 1980లో అచటి వినోదవనము మూతపడగా అది ఎండకు ఎండి వానకు తడియుచు నిలిచిపోయెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున అడవి నడుమనున్న నోబెల్స్ అను వినోదవనమువారు దానిని కొనిరి. మూలపటములు దొరకకపోవుటచే పలకపలకకును అంకెవేసి, విప్పి, దేశమునకు అడ్డముగ లారీలలో తరలించి, 1985లో మరల నిలిపిరి. బూడిదనుండి లేచిన పక్షి పేరుతో దానికి ఫీనిక్స్ అని నామకరణము చేసిరి. దాని ఎత్తు 78 అడుగులు, వేగము గంటకు 45 మైళ్ళు. చివరి మిట్టలమీద కూర్చున్నవారందరు ఒక్కసారిగ పీటలనుండి పైకి లేతురు. గోల్డెన్ టికెట్ ఓట్లలో కొయ్య రోలర్ కోస్టర్లయందు 2018లో ప్రథమస్థానము ఆ ఫీనిక్సునకే వచ్చెను; మరుసటి యేటను దానికే వచ్చెను. 456 అడుగుల కింగ్‌డా కా 2024లో మూతపడి, 2025 ఫిబ్రవరిలో మందుపాతరలతో కూల్చివేయబడెను.