గొంతు ఆయనది... పెదవులు ఈయనవి!

వినాయక నవరాత్రులు. గోదావరిఖనిలోనో, బెల్లంపల్లిలోనో ఓ పందిరి. రంగురంగుల సీరియల్ బల్బులు, ముందు వరుసలో పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు, షిఫ్టు దిగి నేరుగా వచ్చిన సింగరేణి కార్మికులు. ఆర్కెస్ట్రా వ్యాఖ్యాత మైకు అందుకుంటాడు. ‘ఇప్పుడు మీ ముందుకొస్తున్నారు... మన జూనియర్ ఘంటసాల!’

సన్నగా, పొట్టిగా ఉన్న ఓ యువకుడు వేదికెక్కి కళ్లు మూసుకుని గొంతు విప్పుతాడు. అంతే! ‘గదేంది బై... అచ్చం ఘంటసాలనే పాడుతున్నట్టున్నది!’ వెనక కుర్చీల్లోంచి మెచ్చుకోలు. ఆ తర్వాత అదే యువకుడు అదే గొంతును కాస్త సాగదీసి, ముక్కుతో పాడితే... ఈసారి ఈలలు, నవ్వులు.

మొదటిది అనుకరణ. రెండోది పేరడీ. రెంటికీ మధ్య దూరం ఒక్క నవ్వే! ఆ నవ్వు వెనక పెద్ద కథే ఉంది.

మైకు పుట్టించిన గాయకులు

మైకు రాకముందు నాటకాల్లో పద్యం పాడే నటుడికి ఆఖరి వరుస ప్రేక్షకుడికీ వినపడేంత గొంతు ఉండాల్సిందే. మైకు వచ్చాక ఆ అవసరం తీరింది. చెవిలో గుసగుసలాడినంత మెత్తగా పాడినా ఊరంతా వినొచ్చు. అలా పాడేవారిని పాశ్చాత్యులు ‘క్రూనర్లు’ అన్నారు. బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాట్రా అలాగే అమెరికాను ఊపేశారు.

ఊపేశారంటే వెక్కిరింపూ తప్పదుగా! 1944లో వార్నర్ బ్రదర్స్ ‘స్వూనర్ క్రూనర్’ అనే కార్టూన్ తీసింది. అందులో గాయకులు మనుషులు కాదు... కోడిపుంజులు! సినాట్రాలా పాడే బక్క పుంజు పాటకు పెట్టలన్నీ మైమరచి గుడ్లు పెట్టడం మానేస్తాయి. క్రాస్బీలా పాడే మరో పుంజు వచ్చాక మళ్లీ గుడ్ల రాశులు పడతాయి. 1958లో ఎల్విస్ ప్రెస్లీ సైన్యంలో చేరితే, 1960లో బ్రాడ్వే నాటకరంగం ‘బై బై బర్డీ’లో కాన్రాడ్ బర్డీ అనే కల్పిత గాయకుడిని సృష్టించి ఆ హడావుడినంతా ఆటపట్టించింది.

ఇక్కడో సూత్రం ఉంది. అందరికీ తెలిసిన గొంతుకే పేరడీ పుడుతుంది. ఊరూపేరూ లేనివాడిని వెక్కిరిస్తే నవ్వేదెవరు?

పాడలేని కథానాయకుడు

మన దగ్గర ఈ సరదాకు చిరునామా ‘పక్కింటి అమ్మాయి’. బెంగాలీ సినిమా ‘పాషేర్ బారీ’(1952) ఆధారంగా 1953లో తెలుగులో వచ్చింది. పక్కింట్లో ఉండే అంజలీదేవికి సంగీతమంటే ప్రాణం. ఆమెను ప్రేమించిన రేలంగికి పాట రాదు. దాంతో స్నేహితుడు చాటున ఉండి పాడుతుంటే ఈయన పెదవులు కదుపుతాడు. ఆ పాడే స్నేహితుడెవరో తెలుసా? ఆనాటి మెత్తని గొంతు ఏఎం రాజా! ఆయనే స్వయంగా తెరమీద కనిపించారు.

ఇందులో చమత్కారమేంటంటే... పాట రాని పాత్ర వేసిన రేలంగికి నిజానికి పాట వచ్చు. అంతకు రెండేళ్ల ముందే ‘పాతాళ భైరవి’లో రాణిగారి తమ్ముడిగా తన ప్రేమగోలను తనే పాడుకున్నారు. ఆ సినిమాకు సంగీత దర్శకుడు ఘంటసాల. కథానాయకుడి కోసం తాను పాడిన గంభీరమైన ప్రేమగీతాల పక్కనే ఈ కొంటె పాటకూ బాణీ కట్టారాయన. ‘మాయాబజార్’(1957)లో మరో అడుగు ముందుకేశారు. మాయా శశిరేఖగా సావిత్రి పాడుతుండగా సుశీల గొంతు ఆగి, లోపలున్న ఘటోత్కచుడి మగగొంతు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ గొంతు ఘంటసాలదే. తనను ఇంకొకరు వెక్కిరించేదాకా ఆగకుండా తానే నవ్వించారన్నమాట!

అదే కథ హిందీలో ‘పడోసన్’(1968) అయింది. పాడే స్నేహితుడిగా కిశోర్ కుమార్, పెదవులాడించే ప్రేమికుడిగా సునీల్ దత్. తెలుగులో 1981లో మళ్లీ ‘పక్కింటి అమ్మాయి’గానే వచ్చింది. ఈసారి చంద్రమోహన్ కోసం పాడిన స్నేహితుడు... ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం!

కాస్త ఆలోచిస్తే ఇంత నవ్వెందుకొస్తుందో అర్థమవుతుంది. చాటున ఒకరు పాడితే ముందు ఇంకొకరు పెదవులు కదపడం... ఏ సినిమాలోనైనా కథానాయకుడు చేసేది అదేగా! ప్లేబ్యాక్ అనే సినిమా రహస్యాన్ని సినిమాయే బయటపెట్టి నవ్వుకుందన్నమాట.

నవ్వు ఎవరిమీద?

కానీ అన్ని నవ్వులూ ఒకటి కాదు. ‘పడోసన్’లో ఎక్కువ నవ్వించింది మెహమూద్ వేసిన దక్షిణాది సంగీతం మాస్టారి పాత్ర. ఆ పాత్రకు పాడింది మన్నాడే. విద్వత్తున్న పాటే. అయినా హాల్లో నవ్వు పండింది మాస్టారి యాసమీద. అంటే అక్కడ పేరడీ గొంతును దాటి మనిషిదాకా వెళ్లిపోయింది.

ఈ బాధేంటో కరీంనగర్, ఆదిలాబాద్‌లకు బాగా తెలుసు. మద్రాసు యాస హిందీ తెరకు ఎలాగో, తెలంగాణ యాస తెలుగు తెరకు ఎన్నో ఏళ్లు అలాగే ఉండేది. కథానాయకుడిది ‘మంచి తెలుగు’. యాస మాట్లాడితే నవ్వించేవాడో, భయపెట్టేవాడో అయ్యుండాలి. ‘ప్రతిఘటన’(1985)లో కోట శ్రీనివాసరావు వేసిన దుర్మార్గుడు కాశయ్య మాట్లాడిందీ తెలంగాణ యాసే.

అలాగని ఈ నేల పాటకు దూరమా? కానేకాదు. హనుమాజీపేటలో పుట్టిన సినారె ‘గులేబకావళి కథ’(1962)కు పాటలు రాస్తే అవి ఘంటసాల గొంతులో ఊరూరా మోగాయి. ఆ పక్కనే ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు! పక్కనున్న ఓరుగల్లు నుంచి వచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ ఎన్నో గొంతులను తన గొంతులో పలికించి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. మాట ఉంది, గొంతు ఉంది, అనుకరించే విద్యా ఉంది. తెరమీద లేనిదల్లా ఇంట్లో మాట్లాడుకునే భాషే.

పందిట్లో జూనియర్ ఘంటసాల ఇబ్బందీ అదే. వేదిక దిగాక ‘ఏమన్నా, మంచిగున్నవా’ అని పలకరించే మనిషి, మైకు పట్టుకోగానే వేరే గొంతుతోపాటు వేరే మాటనూ అరువు తెచ్చుకోవాలి. చప్పట్లు వస్తాయి, నిజమే. కానీ అవి ఎవరికి? తనకా... తను గుర్తుచేసిన మనిషికా?

తిరగబడ్డ పాట

కాలం మారింది. 2017లో ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి తెలంగాణ యాసలో గలగలా మాట్లాడితే రెండు రాష్ట్రాలూ ముచ్చటపడ్డాయి. అందులో ఊరూవాడా మోగిన ‘వచ్చిండే’ పాడిన వారిలో ఒకరు మధుప్రియ. జానపద గీతాలతో చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్న ఆమెది గోదావరిఖని. ఇక్కడి పిల్ల పాడితే కథానాయిక పెదవులు కదిపింది! 2021లో మంచిర్యాల జిల్లాలో ఓ పెళ్లికూతురు ‘బుల్లెట్టు బండి’ పాటకు బరాత్‌లో వేసిన స్టెప్పులు దేశమంతా చూసింది. ఆ తెలంగాణ యాస పాట పాడిన మోహన భోగరాజుది ఆంధ్ర ప్రాంతం. ఒకప్పుడు ఇక్కడివాళ్లు అక్కడి పలుకు నేర్చుకునేవారు. ఇప్పుడు అక్కడి గొంతు ఇక్కడి పలుకును ప్రేమగా నేర్చుకుంది.

ఇక 2023లో సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి, ఆ ప్రాంతంలోనే ‘బలగం’ తీశారు. పతాక సన్నివేశంలో వరంగల్ జిల్లా జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే థియేటర్లలో కన్నీళ్లాగలేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. పాట మాత్రం మిగిలింది.

ఆ పాటకు చాటున పాడే స్నేహితుడు లేడు. అరువు తెచ్చుకున్న పలుకూ లేదు.

గొంతూ వాళ్లదే... పెదవులూ వాళ్లవే!