పోటీ ముగిసింది, సాధన ముగియలేదు



ఒకసారి సంగీత పోటీలో బహుమతి పొందిన పిల్లవానిని మేము సంఘము ఎదుట నిలబెట్టి చప్పట్లు కొట్టించాము. అదే పోటీకి వెళ్ళి బహుమతి రాని మరొక పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చుని ఉన్నాడు. మరుసటి ఆదివారం నుండి అతడు కీబోర్డు దగ్గరకు రావడం మానేశాడు. ఆ తప్పు మాదే. ఒక కొరియా యౌవనస్థుని గూర్చి చదువుతున్నప్పుడు ఆ పిల్లవాడే మా మనస్సులో మెదిలాడు.

ఆ యౌవనస్థుని పేరు యున్‌చాన్ లిమ్. 2004లో దక్షిణ కొరియాలో జన్మించాడు. ఏడేళ్ళ వయస్సులో ఇంటి దగ్గర ఉన్న పియానో బడిలో చేరాడు. పదమూడేళ్ళ ప్రాయంలో మిన్సూ సోన్ అనే గురువు దొరికాడు. తరువాత ఆ గురువు అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళినప్పుడు శిష్యుడూ వెంట వెళ్ళి చదువు కొనసాగించాడు.

2022 జూన్‌లో టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో వాన్ క్లైబర్న్ పియానో పోటీ జరిగింది. పాల్గొన్న ముప్పైమందిలో లిమ్ మొదటి బహుమతి గెలిచాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. 1962లో మొదలైన ఆ పోటీలో అంత చిన్న వయస్సువాడు అంతకు ముందెన్నడూ గెలవలేదు. బహుమతి లక్ష డాలర్లు. చివరి దశలో అతడు వాయించిన రాఖ్మానినోఫ్ మూడవ కన్సర్టో వీడియోను కోటిమందికి పైగా చూశారు.

ఇంతటి పేరు వచ్చాక ఎవరైనా ఉప్పొంగిపోతారు. లిమ్ మాత్రం బహుమతి వచ్చినందువల్ల తన వాద్యం మెరుగుపడలేదని, ఇంకా సాధన చేయాలని చెప్పాడు. లిస్ట్ రచించిన ‘డాంటే సొనాటా’ వాయించడానికి డాంటే మహాకావ్యాన్ని దాదాపు కంఠస్థమయ్యేటంతగా చదివాడు. షోపాన్ ఎట్యూడ్ ఒకదానిలో మొదటి రెండు కొలతల కొరకే ఏడు గంటలకు పైగా శ్రమించానన్నాడు. ఎట్యూడ్ అంటే సాధన కొరకు కూర్చిన చిన్న రచన. ఆ ఎట్యూడ్‌ల ఆల్బమ్‌కు 2024లో గ్రామఫోన్ పురస్కారం లభించింది. అదే సంవత్సరం మార్చిలో చేతి నొప్పి వలన కొన్ని కచేరీలు మానుకోవలసి వచ్చింది. వరము మట్టి పాత్రలోనే ఉంటుంది గదా!

అన్నిటికంటె మమ్మును కదిలించినది మరొక మాట. పెద్ద హాళ్ళలో వాయించడం గొప్ప కార్యం కాదట. అనాథ పిల్లల వద్దకూ, మరణశయ్యపై ఉన్న రోగుల వద్దకూ వెళ్ళి, ఏమీ ఆశించక వాయించడమే గొప్పదని అతని అభిప్రాయం. ఇది చదివినప్పుడు మాకు సౌలు యెదుట సితారా వాయించిన దావీదు జ్ఞాపకమొచ్చాడు. అక్కడ న్యాయనిర్ణేతలు లేరు, చప్పట్లు లేవు. బాధపడుతున్న ఒక్క మనిషికి ఉపశమనం కలిగింది.

2025 ఏప్రిల్‌లో లిమ్ న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో బాఖ్ రచించిన ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ వాయించాడు. ఈ బాఖ్ లూథరన్ సంఘములో సేవ చేసిన సంగీతకారుడు. దేవునికి మాత్రమే మహిమ అని అర్థమిచ్చే మూడు అక్షరాలను తన రచనలు అనేకంటి చివర వ్రాసుకొనేవాడు.

తల్లిదండ్రులారా, తలాంతుల ఉపమానంలో యజమానుడు దాసులలో ఎవడు మొదటివాడని అడుగలేదు. ఇచ్చినదానితో ఏమి చేశావని ప్రతివానినీ అడిగాడు. మన పిల్లలను మనం అడిగేది ఏ ప్రశ్న?

మేము ఆ పిల్లవాని ఇంటికి వెళ్ళాము. క్షమించమని అడిగి, మంచం పట్టిన మా సంఘపు అవ్వ ఒకామె కొరకు ఒక కీర్తన వాయిస్తావా అన్నాము. అతడు కొంతసేపు తల వంచుకొని నిలబడ్డాడు. తరువాత మారుమాటాడక కీబోర్డు మీది దుమ్ము తుడిచాడు.