శిరస్త్రాణముపై కెమెరా

నాలుగువేల మీటర్ల యెత్తున విమానమునుండి దుమికి, కడుపు నేలవైపునకు త్రిప్పి, కాలుసేతులు చాచుకొని పడు మనుష్యుడు మొదటి పది పండ్రెండు సెకన్లలోనే గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగము నందుకొనును. అటుపిమ్మట భూమి క్రిందికి లాగు బలమును, గాలి మీదికి త్రోయు బలమును సరితూగుటచే వేగము పెరుగక, పారాచూటు విప్పుకొనువరకు, అనగా దాదాపు నిమిషకాలము, ఇంచుమించు ఆ వేగముతోనే దిగుచుండును. అట్టివానిని మూడు మీటర్ల దూరమునుండి తీసిన ఫొటోలు చూచినవారికి సందేహమొకటి తోచక మానదు: ఇంత వేగముతో పోవు వస్తువు, రైలు కిటికీనుండి తీసిన దగ్గరి చెట్లవలె అలికినట్లు కాక, కంటియద్దముల అంచున చిక్కుకొన్న వెండ్రుకలతో సహా అంత తేటగా ఎట్లు పడినది? తీసినవాడును అంతే వేగముతో పడుచుండుటయే దీనికి సమాధానము. నేలను బట్టి చూచిన ఇరువురి వేగమును భయంకరమే. ఒకనిని బట్టి మరియొకని చూచినచో ఆ భేదము తోటలో షికారు పోవువాని నడకను మించదు. కావున ఆకాశ ఛాయాగ్రహణమున కష్టము వేగమునందు లేదు. ఆ వేగమువలన పుట్టు గాలియందును, ఆ వేగమును హఠాత్తుగా హరించు పారాచూటునందును ఉన్నది.

కెమెరాను చేత పట్టుకొని తీయరాదా యని అడుగవచ్చును. గాలిలో పడువాడు ముందుకు జరుగుటకును, వెనుకకు తగ్గుటకును, ప్రక్కకు తిరుగుటకును చేతులును కాళ్లును తప్ప వేరు సాధనము లేదు. ఒక చేతిని కెమెరాకు అప్పగించినచో దేహము తనంతట తానే ఒక ప్రక్కకు తిరిగిపోవును. అందుచేతనే 1960 దశకమునందలి అమెరికా ఛాయాగ్రాహకులు కెమెరాను తలకు కట్టుకొనిరి. 1965లో కాలిఫోర్నియాలోని ఆర్విన్ వద్ద ఎన్మండుగురు ఆకాశమున చేయిచేయి పట్టుకొని తొలిసారి వలయముగా నేర్పడినప్పుడు ఆ దృశ్యమును చిత్రించిన బాబ్ బకోర్ అట్టివారిలో నొకడు; మరుసటి యేటనే మాలిబూ తీరమున సముద్రములో పడి మునిగి మరణించెను. 1969లో విడుదలయైన ‘ది జిప్సీ మాత్స్’ అను చలనచిత్రమునకు గగనదృశ్యములు తీసిన కార్ల్ బోనిష్ మరియొకడు. ఫిల్ముచుట్టకు ముప్పదియారు చిత్రములకు మించని ఆ దినములలో, మోటారు తగిలించిన ఇనుపముద్దవంటి కెమెరాను నెత్తిన మోసిన వారి మెడలను తలచుకొన్నచో నేటివారి భాగ్యము తెలియును.

మెడ మాట వచ్చినది గనుక నా పక్షమును ఇచ్చటనే చెప్పివేసెదను. కొత్తగా ఈ విద్యలో దిగువారు మొదట ఒక కెమెరాను మోహించి, పిదప దానికి తగిన శిరస్త్రాణమును వెదకి, కట్టకడపట మెడను గూర్చి తలపోయుదురు. ఈ క్రమము తలక్రిందులు కావలెను. పారాచూటు తెరచుకొనునప్పుడు సెకనుకు 54 మీటర్ల వేగము మూడు నాలుగు సెకన్లలో అయిదారు మీటర్లకు తగ్గును. సగటున లెక్కించినను, సహజమైన బరువును కలుపుకొని, ఆ సమయమున దేహముపైనున్న ప్రతి వస్తువును సుమారు రెండున్నర రెట్లు బరువెక్కును. త్రోపు సమముగా రాదు గనుక ఒక్క క్షణము నాలుగు రెట్లగుట సామాన్యము. గుడ్డ ఒక్కసారిగా విచ్చుకొన్నచో పది రెట్లు దాటుటయు కలదు. కేనన్ 5డి మార్క్ 3 కెమెరా బరువు 950 గ్రాములు. దానికి పలువురు తగిలించు 24-70 లెన్సు మరియొక 805 గ్రాములు. ఈ జత నాలుగు రెట్లు బరువెక్కినచో మెడపై ఏడు కిలోలు నిలుచును. అదే సంస్థవారి 100డి అను చిన్న కెమెరా 407 గ్రాములు, 10-18 లెన్సు 240 గ్రాములు. అదే క్షణమున దీని భారము రెండున్నర కిలోలకు కొంచెము పైమాట. మొదటి కెమెరా చిత్రము మేలైనదే, కాదనను. కాని మధ్యాహ్నపు టెండలో, మూడు మీటర్ల దూరమున, విశాలమైన లెన్సుతో తీసిన రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో ఆ భేదమును పట్టగలవారు అరుదు. మెడనొప్పి భేదమును పట్టలేనివారు అంతకంటె అరుదు.

ఆ బరువును తలపై ఎచ్చట నుంచవలెనను ప్రశ్న, ఎంత యుంచవలెనను ప్రశ్నకు తీసిపోదు. నుదుటి ముందర బిగించిన కెమెరా పారాచూటు తెరచుకొనునప్పుడు తలను ముందునకు వంచును. చెవి ప్రక్కన బిగించినది ఒక ప్రక్కకు లాగును. నడినెత్తిన బిగించినది వెన్నెముక వరుసలోనే క్రిందికి నొక్కును. ఎముకలు ఒకదానిపై నొకటి నిలిచిన ఆ దిక్కున మెడ బలమైనది, ప్రక్కలకు బలహీనము. గాలి లెక్క వేరు. గంటకు 200 కిలోమీటర్ల గాలికి పది సెంటీమీటర్ల వెడల్పు, పండ్రెండు సెంటీమీటర్ల పొడవు గల పలకను అడ్డుపెట్టినచో దానిపై బడు త్రోపు దాదాపు రెండు కిలోల బరువునకు సమానము. చెవి ప్రక్కన నున్న కెమెరాపై ఈ త్రోపు పడునపుడు ఛాయాగ్రాహకుడు నిమిషకాలమును తల తిరిగిపోకుండ బిగబట్టుకొనుటతోనే గడుపును. నెత్తిమీదిది, గాలి గడ్డము క్రిందినుండి వచ్చునది గనుక, కొంతవరకు తల చాటున నుండును. ఈ హేతువులచేతనే అమెరికాలోని బోన్‌హెడ్, ఇటలీలోని టోన్‌ఫ్లై వంటి సంస్థలు ఛాయాగ్రాహకుల కొరకు నెత్తి చదునుగా నుండు శిరస్త్రాణములను చేసినవి. నడినెత్తి స్థానమునకును ఒక దోషము లేకపోలేదు: పారాచూటు త్రాళ్లు మీదికి లేచునపుడు చిక్కుపడుటకు అంతకంటె అనుకూలమైన గూటము మరి లేదు. దీనిని గూర్చి ముందు చెప్పెదను.

లెన్సు విషయమున గణితము మనకు స్నేహితుడు. 18 మిల్లీమీటర్ల లెన్సును, చిన్న సెన్సరు గల కెమెరాపై, ఎఫ్/8 రంధ్రముతో, రెండు మీటర్ల పైచిలుకు దూరమునకు సరిచేసి విడిచినచో, ఒక మీటరు దూరమునుండి దిగంతము వరకు ఉన్నదంతయు తగినంత తేటగా పడును. ఇక ఫోకసుతో పని యేమి? ఆటోఫోకసును ఆపివేసి, వలయము కదలకుండ టేపు చుట్టి మరచిపోవుటయే మేలు; ఏలయనగా నీలాకాశము తప్ప పట్టుకొనుటకు గీత యొకటియు లేని చోట ఆ యంత్రము ముందువెనుకలకు తడవులాడుచుండగా ఆ నిమిషము కాస్తయు గడచిపోవును. షట్టరు వేగము సెకనులో 500వ వంతునకు తగ్గరాదు. పడువాని కదలికకు కాదు, గాలిలో సన్నగా వణకు తన తలకే ఈ జాగ్రత్త. ఎండ బాగుగ నున్నచో ఐ.ఎస్.ఓ. 400 వద్ద ఎఫ్/8తో 1600వ వంతు వరకు దొరకును. కాని సూర్యుడు నడినెత్తిన నుండగా నేలను చూచుచు పడువాని ముఖము తన నీడలోనే యుండునని గుర్తెరిగి, చుట్టునున్న ఆకాశపు వెలుతురును చూచి మోసపోవు కెమెరాకు కొంచెమెక్కువ వెలుగు తీసికొమ్మని ముందే చెప్పి యుంచవలెను.

చేతులు ఖాళీ లేనిచోట మీట నొక్కునదెవరు? నాలుక. కెమెరా రిమోటు రంధ్రమునుండి సన్నని తీగ యొకటి చెంపమీదుగా నోటి మూలనుండి లోనికి పోవును. దాని కొసనున్న చిన్న మీటను నాలుకతో పంటికి ఆనించి నొక్కిన చిత్రము పడును. పంటితో కొరుకు మీటలును, ఊదిన పనిచేయు మీటలును ఉన్నవి. కేనన్ చిన్న కెమెరాలలో ఆ రంధ్రమునకు ఫోకసుకొకటి, షట్టరునకొకటి, రెంటికి ఉమ్మడిగా నొకటి యని మూడు స్పర్శలుండును. ఫోకసు స్పర్శను ఎల్లప్పుడును కలిపియే యుంచినచో కెమెరా నిద్రపోక, నాలుక కదలిన తక్షణమే షట్టరు పడును. బ్యాటరీ కొంత త్వరగా తరిగినను నష్టము లేదు.

నాకు మిక్కిలి ముచ్చటైన పరికరము గురివలయము. కంటిముందర, ఒక కమ్మీపై నిలిచిన చిన్న గాజుబిళ్ల యది. ధ్రువణ ఫలకములు రెంటి నడుమ స్ఫటికము నొకదానిని బిగించినచో, దానిగుండా వచ్చు కాంతి రెండుగా చీలి మరల కలియుటచే ఏకకేంద్రములైన రంగుల వలయములు ఏర్పడును, ఈ వలయములు గాజుపై గీచినట్లు కాక, అనంతదూరమున ఆకాశములో వ్రేలాడుచున్నట్లు కానవచ్చుటచే, కన్ను కొంచెము అటునిటు జరిగినను గురి చెడదు, బ్యాటరీ అక్కరలేదు. దీనిని సరిచేయుట నేలపైనే. శిరస్త్రాణమును ధరించి, మూడు నాలుగు మీటర్ల దూరమున గోడపై నొక గుర్తును వలయముల నడుమకు తెచ్చి కదలక నిలువవలెను. మరియొకరు కెమెరా తెరను చూచుచు, ఆ గుర్తు చిత్రమధ్యమున పడువరకు క్రిందిపలక వాలును మార్చి బిగింపవలెను. లెన్సు కంటికి పదునైదు సెంటీమీటర్లు పైన నున్నచో మూడు మీటర్ల వద్ద రెంటిచూపులకు దాదాపు మూడు డిగ్రీల భేదముండును గనుక, దూరపు కొండను చూచి గురి సరిచేయుట పొరపాటు. పనిచేయు దూరముననే సరిచూచుకొనవలెను.

బిగింపు చిన్న పని వలె కానవచ్చును గాని ప్రాణము దానియందే యున్నది. కెమెరా అడుగునకు పావు అంగుళపు స్క్రూ ఒక్కటియే ఆధారమగుటచే, పలకకు వెనుక చిన్న గట్టు నిలిపి కెమెరా తిరుగకుండ చేయుదురు; నట్టులు వదులుకాకుండ నైలాను వాషరు గలవానిని వాడుదురు. భుజపట్టీని, దాని కొంకులను, లెన్సు టోపీని తీసివేయవలెను. దానంతట లేచు ఫ్లాషును టేపుతో అణచవలెను. పిదప పారాచూటు త్రాటిముక్క నొకదానిని తీసికొని, శిరస్త్రాణముపై ముందునుండి వెనుకకు, ఎడమనుండి కుడికి, మూలనుండి మూలకు మెల్లగా ఈడ్చి చూడవలెను. ఎచ్చట నది ఆగునో అచ్చట నింపవలసిన సందు, లేదా వాలుగా అరుగదీయవలసిన అంచు ఉన్నదన్నమాట. గురివలయపు కమ్మీ మొదటనే పట్టుపడును. కెమెరాకును పలకకును నడుమనున్న సన్నని చీలిక తరువాత. ఎంత నింపినను చిక్కు అసాధ్యమని ఎవ్వరును హామీ ఈయలేరు గనుక, గడ్డముక్రింది పట్టీకి, చూడకయే, ఏ చేతితోనైనను ఒక్క లాగున ఊడిపోవు బిగింపుండవలెను. వేల రూపాయల కెమెరాను ఆకాశమున విడిచిపెట్టుటకు మనస్సు ఒప్పదని కొందరందురు. అట్టివారు కెమెరా కట్టుకొనకుండుటయే మంచిది.

చలిని గూర్చి ఒక మాట. వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వంతున ఉష్ణము తగ్గుటచే, నేలపై 35 డిగ్రీలున్న దినమున విమానపు వాకిట పదికి తక్కువగానే యుండును; అచ్చట చల్లబడిన లెన్సు క్రింది తేమగాలిలోనికి దిగుటతోడనే మంచుపట్టినట్లు మసకబారును. సముద్రతీరములందు ఈ బాధ యెక్కువ.

కెమెరా మోయుటకు కనీసము 200 సార్లు దుమికిన అనుభవముండవలెనని అమెరికా పారాచూటు సంఘము హితవు చెప్పును. సంఖ్య కొందరికి అతిగా తోచవచ్చును. కాని 1988లో ఉత్తర కెరొలినాలోని లూయిస్‌బర్గ్ వద్ద, వందల దుముకుల అనుభవము గలవాడే, ఇతరులను వీడియో తీయు ధ్యాసలో తన పారాచూటు ధరింపకయే విమానమునుండి వెలికిపోయి మరణించెను. చిత్రముమీది ధ్యాస మనస్సును ఎంతగా ఆక్రమించునో దీనివలన తెలియును. మిగిలినదంతయు అలవాటుగా మారిన పిమ్మటనే కెమెరాకు చోటు.

దుబాయిలో పామ్ జుమేరా దీవిమీదుగా శిక్షకునికి కట్టుబడి దుమికి, ఆ ఫొటోలను హైదరాబాదునకో విజయవాడకో పంపు తెలుగువారు ఇప్పుడు అరుదు కారు. ఆ ఫొటోలు తీయువాని పని చూడదగినది. ఇరువురి బరువు ఒక్కటిగా పడునది గనుక ఆ జంట అతనికంటె చాల వేగముగా దిగిపోవలెను. శిక్షకుడు వెనుకకు విడుచు డ్రోగ్ అను చిన్న పారాచూటు వారిని ఒంటరివాని వేగమునకు తగ్గించి నిలుపుటచే, ఛాయాగ్రాహకుడు చంకక్రింద గుడ్డరెక్కలు గల దుస్తును సవరించుకొనుచు వారి యెదుట నిలువగలుగును. పెద్ద పారాచూటు తెరచుకొనినప్పుడు జంట మీదికి ఎగిరిపోయినట్లు చిత్రములలో కానవచ్చును. నిజమునకు వారు నెమ్మదించిరి, తీయువాడు పడుచునే యున్నాడు. అతడు మరికొంత దిగి తన చిన్న పారాచూటు విప్పుకొని, వారికంటె ముందే నేల చేరి, వారి కాళ్లు నేల తాకు చిత్రమును తీసి, తదుపరి విమానము ఎక్కులోపల కార్డు మార్చి, స్క్రూల నొక్కొక్కదానిని వ్రేలితో తడవి చూచుకొనును.