ముల్లు ‘సి’ వైపు పడిందా? ముందు బండి ఆపండి!

శివకాశి పక్కనే ఉన్న తిరుత్తంగల్‌లో మే ఎండంటే మాటలు కాదు. కొండ మీద నిన్ర నారాయణ పెరుమాళ్‌ను దర్శించుకుని, పాత డీజిల్ అంబాసిడర్‌లో ఇంటిల్లిపాదీ శ్రీవిల్లిపుత్తూరు బయల్దేరితే డ్రైవరు చూపు సగం రోడ్డు మీద, సగం టెంపరేచర్ మీటరు మీద. 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. ఉన్న బండిని కాపాడుకోవాలంటే ఆ ముల్లు భాష తెలియాల్సిందే.

‘సి’ అంటే చల్లన, ‘హెచ్’ అంటే వేడి. ఇంజిన్ వేడెక్కాక ముల్లు రోజూ ఎక్కడ నిలుస్తుందో అదే మీ బండికి కొలత. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త పెరిగి, మళ్లీ దిగితే కంగారు అక్కర్లేదు. దిగకపోతే ఆగాలి.

అసలు మోసం మరొకటుంది. మండుటెండలో ముల్లు ఒక్కసారిగా ‘సి’ వైపు పడితే ‘హమ్మయ్య, చల్లబడింది’ అనుకోకూడదు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడి సరిగ్గా చెబుతుంది. గొట్టం పగిలి నీళ్లు కారిపోతే ఇంజిన్ మాడుతున్నా ముల్లు కిందే ఉండొచ్చు. వైరు ఊడినా చాలా బండ్లలో అంతే. సంగతి తేలేదాకా నడిపితే హెడ్ వంగి, గాస్కెట్ పోతుంది.

ఆపగానే రేడియేటర్ మూత తిప్పొద్దు. మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాకే తీయాలి.

‘థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుంది’ అనే సలహా కూడా వినొద్దు. చల్లగా నడిచే డీజిల్ ఇంజిన్ ఎక్కువ డీజిల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

పొద్దున్నే, బండి కదలకముందే నీళ్లు చూసుకోండి. ఆ తర్వాతే ముల్లును నమ్మండి.